ఇప్పుడన్నది మీరేనా

పడవలు ఒడ్డు తగలగానే
గులకరాళ్ల మీద కొంబు నాచు పరుస్తాం.
పొగమంచు దిగేలోగా ఎండాలి,
తడిస్తే తెల్లగా బూజు, సగం ధర.
హొక్కైడో తీరాన మా బతుకంతా
ఆకాశాన్ని ఓ కంట కనిపెట్టడమే.

తొమోహారు నా దగ్గర చేరి ఏడేళ్లు.
మోపు ఎత్తబోయి ఆగుతాడు,
నా వైపు తిరిగి అడుగుతాడు:
"ఇప్పుడన్నది మీరేనా?"
అన్నది నేనైతే నేనే అంటాను,
కాకపోతే కాదంటాను.
అంతే. అబద్ధం మాత్రం చెప్పను,
జాలిపడి కూడా.
ఇది డాక్టరు నేర్పింది కాదు.
అతనే కోరాడు, మొదటి జీతం రోజున,
కవరు విప్పకుండానే.

వాళ్లమ్మ కాలంలో దీన్ని
మనసు చీలిన జబ్బు అనేవాళ్లు.
ఆ మాట విన్న రోజే ఆమె తలుపుకి గడియ పెట్టింది,
పెళ్లిళ్లకు పిలవొద్దని చుట్టాలకు తానే కబురంపింది.
తర్వాతెప్పుడో పెద్దలు కూర్చుని పేరు మార్చారు,
పొందిక తప్పిన జబ్బు అట.
పేరు మారితే ఒరిగేదేముంది అన్నాను.
"పొందిక తప్పినదాన్ని మళ్లీ కూర్చుకోవచ్చు కదండీ.
చీలిన కర్రనేం చేస్తాం, పొయ్యిలో పెట్టడం తప్ప."

నెలకోసారి బస్సెక్కి
ఉరాబే డాక్టరు దగ్గర తుంటికి సూది.
నోరెండిపోతుంది, బెల్టుకి కొత్త బెజ్జం పడుతుంది,
ముడి వేసేటప్పుడు వేళ్లు వణుకుతాయి.
గొంతుకలు పోయాయా అని మొదట్లో అడిగేదాన్ని,
జ్వరం తగ్గిందా అన్నట్టు.
పోలేదు, పక్కింట్లోకి మారాయి, అన్నాడు.
గోడ పలచన.

మూడేళ్ల కిందట, బాగానే ఉన్నాను కదా అని
సూదికి వెళ్లడం మానేశాడు.
నాకు చెప్పలేదు.
ఆగస్టు, ఊపిరాడని పని.
బూట్లు బోర్లా పెట్టసాగాడు. చూశాను, నవ్వాను.
రెండు రాత్రులు అతని గదిలో దీపం ఆరలేదు. అదీ చూశాను.
మూడో వేకువన
కట్టి పేర్చిన నలభై మోపుల్ని
ఒక్కొక్కటే సముద్రంలోకి దింపుతున్నాడు,
నడుము లోతు నీళ్లలో నిలబడి.
ఏడుస్తున్నాయి, ఇంటికి పంపుతున్నానన్నాడు.

నోరు పారేసుకున్నాను.
నేనన్న ప్రతి మాటా
అప్పటికే అతని చెవుల్లో నడుస్తున్నదేనని తెలీదు.
ఆ రోజు "మీరేనా" అని అడగలేదు.

తొమ్మిది వారాలు ఆసుపత్రి.
బయటికొచ్చే ముందు ఒక బల్ల చుట్టూ
చెల్లెలు కజుసా, నర్సు, నేను, అతను.
కాగితం మీద అతని చేతిరాత:
బూట్లు బోర్లా ఉంటే నన్ను అడగండి.
రెండు రాత్రులు నిద్ర లేకపోతే డాక్టరుకి ఫోన్ చేయండి.
నేను వద్దన్నా చేయండి.
చివరి మాట కింద రెండు గీతలు.
అది నా ఫ్రిజ్ తలుపు మీదుంది,
గ్యాసు బిల్లు పక్కన.

నలభై మోపుల ఖరీదు జీతంలో కోసుకోమన్నాడు.
కజుసా నా వైపు బతిమాలుతూ చూసింది.
కోసుకున్నాను, నెలకింత అని.
ఊరికే వదిలేస్తే
మనిషినే లెక్కలోంచి కొట్టేసినట్టు.

ఇప్పుడు గొంతుకకు గారు చేర్చి పిలుస్తాడు.
"గొంతుగారూ, ఇవాళ మోపులు చాలా ఉన్నాయి,
దయచేసి సాయంత్రం రండి" అని తల వంచుతాడు.
ఒక్కోసారి వింటుంది.
వినని రోజు షెడ్డులో కూర్చుని తాడు పేనుతాడు,
నేను రేడియో పెంచుతాను.

నిన్న మధ్యాహ్నం, గాలి పడిపోయిన వేళ,
పడవల వైపు నుంచి నన్నెవరో పిలిచారు,
మా ఆయనొక్కడే పిలిచే పేరుతో.
ఆయన పోయి పదకొండేళ్లు.
చేతిలో నాచు చేతిలోనే ఉంది.
"తొమోహారూ, ఇప్పుడన్నది నువ్వేనా?"
కొక్కెం దించి
నా మొహంలోకి చాలాసేపు చూశాడు.
"కాదండీ."
ఇంకో మాట కలపలేదు.

అప్పటికే సముద్రం మీద తెల్లబడుతోంది.
చివరి వరస నుంచి చుట్టడం మొదలుపెట్టాం.