అక్షరం తేడా

మల్కాపురంలో టీకొట్టు మీది గది.
మేరీ సుభాషిణి మేడమ్ బోర్డు మీద
కరోజన్ అని రాసింది.
అర్థం చెప్పక్కర్లేదు మేడమ్,
డ్రై డాక్‌లో పంతొమ్మిదేళ్లుగా
సుత్తితో రాలగొడుతున్నాను దాన్ని.
ఉమ్మేస్తే ఇప్పటికీ ఎర్రగానే పడుతుంది.

దాని పక్కనే ఎరోజన్.
ఒకటి ఇనుముని తింటుంది, ఒకటి ఇసకని.
పరీక్షలో తారుమారు చేశాను, రెండు మార్కులు పోయాయి.
జాలారిపేటలో ఇల్లు పోయిన పోలరాజు
పక్క బెంచీలోంచి గొణిగాడు:
"రెండూ ఉప్పు పనే కదేటి,
సగం మార్కైనా వెయ్యాల."

నిన్న లేటెంట్ హీట్.
ఐసు కరిగేదాకా
వేడి లోపలికి పోతూనే ఉంటుందట,
పాదరసం మాత్రం కదలదట.
మొదటిసారి చెయ్యెత్తాను.
"ఎన్నేళ్లు, మేడమ్?"
క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.
నా గేట్‌పాస్ మీద ఇంకా
తాత్కాలికం అనే ఉంది.

ఈ పొద్దున ఓడ పొట్ట మీద
తుప్పు రాలిన చోట
సుద్దముక్కతో ఆ మాట రాశాను,
ఇంగ్లీషులో, కూడబలుక్కుని.
ఒక అక్షరం తప్పే అయ్యుంటుంది.
మధ్యాహ్నానికి పెయింటు కుర్రాళ్లు
ప్రైమర్ కొట్టేశారు.

ఎల్లుండి డాక్‌లోకి నీళ్లు వదుల్తారు.
ఓడ ఏ దేశం పోతుందో
మాకు చెప్పరు.