ఎక్కిన గేరులోనే

తాళం తిప్పగానే స్టార్ట్ చెయ్యదు ఆర్లిస్.
పసుపు దీపం ఆరేదాకా ఆగుతుంది.
"ముసలిదానికి కాస్త వేడి తగలనీ" అంటుంది,
ట్రక్కు గురించో తన మోకాళ్ల గురించో చెప్పదు.
తొంభై ఏడు మోడల్ డీజిల్.
మైళ్ల మీటరు ఏనాడో మొండికేసి
మూడు లక్షల ఎనభై వేల దగ్గర కూర్చుంది.

వెనక ట్రైలర్‌లో, వల కింద,
తొంభై ఆరు తేనెపెట్టెలు.
కాలిఫోర్నియా బాదం తోటల్లో పూత రాలిపోయింది.
మోంటానాలో ఇంకా గడ్డిపువ్వైనా కళ్లు తెరవలేదు.
మధ్యలో ఉన్నదంతా రోడ్డే.

బయల్దేరే ముందు రెండు వరసలు
ముందుకి జరిపించింది నా చేత.
"వెనక బరువైతే తోక ఊపుతుంది,
ముందు బరువైతే ముక్కు నేలకి రాస్తుంది."
నడుం పట్టేసింది నాకు.
పగలు ఆగకూడదు. ఎండ తగిలితే ఈగలు లేస్తాయి,
లేచినవి ఏ ఊళ్లో వెతుక్కుంటాయి ఇంటిని?
అందుకే రాత్రి.

మొనైడా కనుమ ఎక్కేసరికి మూడు.
సన్నగా మంచు.
సూది ఎర్రగీత వైపు పాకుతోంది.
కాలు తేలిక చేసి, గేరు దించి,
హీటరు పూర్తిగా తిప్పిందామె.
ఇంజన్ జ్వరమంతా మా మొహాల మీదికి వచ్చింది.
అద్దాలు దించాం:
కుడి చెవి మంచులో, మోకాళ్లు పొయ్యిలో.
పద్దెనిమిది చక్రాల బళ్లు దాటిపోతున్నాయి.
ఒకడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు.
"పోనీ. వాడిది కొత్త ఇంజను.
నాకు తెల్లారేదాకా టైముంది."
గంటకి ఇరవై ఎనిమిది మైళ్లు.
సూది వెంట్రుకవాసిలో నిలబడింది.
దాన్నే చూస్తూ కూర్చున్నాను,
చూపు తిప్పితే పడిపోతుందన్నట్టు.

కనుమ పేరున్న బోర్డు దాటాక ఊపిరి వదిలాను.
ఆమె వదల్లేదు.
"ఎక్కడం బండి పని. దిగడం నా పని.
ఇంతసేపూ మనం లాగాం, ఇప్పుడది తోస్తుంది."
ఏ గేరులో ఎక్కిందో ఆ గేరులోనే దింపింది.
బ్రేకు మీద కాలు ఆనించి, తీసి,
మళ్లీ చాలాసేపటికి ఆనించి,
పాలు పొంగుతాయేమోనని
పొయ్యి దగ్గరే నిలబడ్డ మనిషిలా.

లైమా దగ్గర బంకు.
ఒక్కో చక్రం దగ్గరా వంగి
చేతి వెనకవైపుతో తాకి చూసింది.
మూడోదాని దగ్గర చటుక్కున చెయ్యి తీసి
ఏదో తిట్టింది, వాళ్లమ్మ నార్వే భాషలో అనుకుంటా.
"బేరింగు. ఇంకో రెండొందల మైళ్లు ఓర్చుకుంటుందిలే."

టర్బో చల్లారాలని మూడు నిమిషాలు ఆగి
ఇంజన్ ఆపింది.
శబ్దం ఆగలేదు.
బానెట్ వైపు చూశాను.
ఆమె గడ్డంతో వెనక్కి చూపించింది.
కొండ పొడవునా ఇంజనే అనుకుని విన్నదాంట్లో
సగం ఆ పెట్టెలది.

బంకు దీపాల వెలుగుకి వల దాటిన ఒక్కటి
కాలర్లో దూరి కుట్టింది.
"సరే, బతికే ఉన్నాయి" అంది ఆర్లిస్,
నలిగిన నోట్లు నా చేతిలో పెడుతూ.
"నా కాఫీలో చక్కెర వద్దని చెప్పు."