నీళ్ళు నమిలిన పూట

ఒసాకా జిల్లా కోర్టు. ఫిబ్రవరి.
సాక్షి బల్ల ముందు నేను, కంపెనీ తరఫున.
రాత్రి లాయరు నా చేత
మూడుసార్లు వల్లె వేయించాడు:
"ఆవిడది సాయం చేసే పని,
మాది నిర్ణయించే పని."
చిలక్కి నేర్పినట్టు నేర్పాడు,
పండు కూడా చూపించాడు:
ఏప్రిల్లో ఖాళీ అయ్యే పెద్ద కుర్చీ.

ఎదురుగా కుసునోసె ఇత్సుకో గారు.
యాభై రెండేళ్ళు. ముప్ఫై మూడేళ్ళ సర్వీసు.
బూడిద చొక్కా, నీలం స్కర్టు లేకుండా
ఆమెను చూడడం ఇదే మొదటిసారి.
ఆ యూనిఫాం ఆడవాళ్ళకే.
మేం ఇంటి నుంచి వచ్చినట్టే ఉండేవాళ్ళం.

జడ్జి చేతిలో పద్నాలుగో ఆధారం,
నూనె మరకల అట్ట వేసిన నోటు పుస్తకం.
ఎడమ పేజీ నిండా టీ:
హిరయె గారికి గోరువెచ్చగా, పన్ను నొప్పి.
మేనేజరుకి చిక్కగా, సోమవారం మరీ చిక్కగా.
కొత్త కుర్రాడు షిరైషికి బార్లీ టీ,
చల్లగా, మంచు పడుతున్నా సరే.

ఆ కుర్రాణ్ణి నేనే.

కుడి పేజీలో మా మరలు, బోల్టులు:
టన్నుకెంత ఉక్కు, అరుగుదల ఎంత,
బూసాన్ రేవుదాకా ఓడ కిరాయి ఎంత.
వాటి కింద సన్నటి పెన్సిలుతో
"షిరైషి కొటేషన్‌లో సున్నా తక్కువ. దిద్దాను."
"షిరైషి, మళ్ళీ సున్నా. దిద్దాను."
రెండేళ్ళు.

సున్నా అంటే ఏమీ లేదనుకోకండి,
అది అందరి బోనసూ మింగుతుంది
అని ఆమె నవ్వడం నాకు గుర్తుంది.
మూడో ఏడు నన్ను సెక్షన్ చీఫ్ చేశారు.
నా కొత్త జీతం అంకెను ఆమే టైపు చేసింది.
ఆమెకి అందేదానికి దాదాపు రెండింతలు.
ఒక్క తప్పు లేదు.

వంటగది అరలో ఇరవై మూడు కప్పులు,
నాదాని మీద తూనీగ బొమ్మ.
ఆమెకంటూ కప్పు లేదు.
అతిథుల కప్పుల్లో అంచు చిట్లింది వాడేది.
ముప్ఫై మూడేళ్ళ అతిథి.

తిన్నింటి వాసాలు లెక్కపెడుతోంది
అన్నాడు మా లాయరు, బల్ల మీద వేలితో కొడుతూ.
తిన్నదెవరో నాకు తెలుసు.
వడ్డించిన చెయ్యి ఎదురుగా
ఒడిలో ముడుచుకుని ఉంది.

ఆమె తరఫు పడుచు లాయరు లేచింది.
"షిరైషి గారూ,
లెక్క కట్టడం మీకెవరు నేర్పారు?"

గ్లాసు ముందే పెట్టి ఉంచారు.
నీళ్ళు నమిలాను.
"అది... ఆఫీసులో అందరూ కలిసి..."
"అందరూ అంటే?"
ఇత్సుకో గారు తలెత్తలేదు.
మోకాలి మీద వేలితో ఏదో రాసుకుంటోంది,
గుండ్రంగా, సున్నాలానే ఉంది.

"ఆవిడే," అన్నాను.

ధైర్యం అనకండి దీన్ని.
అబద్ధమాడితే అదీ దిద్దుతుందేమోనని
భయం.

ఏడాదిన్నరకు తీర్పు వచ్చింది:
ఆ రోజుల్లో లోకమంతా అంతే,
కాబట్టి తప్పు కాదట.
నేను అప్పటికి గోడౌన్‌లో పెట్టెలు లెక్కపెడుతున్నాను.
ఆమె అప్పీలుకు వెళ్ళింది.
లాయరు వేసిన రుసుము లెక్కలో
సున్నా ఒకటి ఎక్కువుంటే
కొట్టేసి, సంతకం పెట్టిందట.

కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది తీర్పు కాదు.
ఆ ఫిబ్రవరి రోజు, కోర్టు వరండాలో
డబ్బా కాఫీ మిషను ముందు నిలబడ్డాను.
నాణేలు వేశాను, ఆమె కోసం.
చక్కెర ఉన్నదా, లేనిదా?
పాలు?
వేడిదా, చల్లదా?
ఇరవై ఒక్కేళ్ళు నా గుక్క గుక్కా తెలిసిన మనిషి.
నా వేలు గాలిలోనే ఆగిపోయింది.

వెనకనుంచి వచ్చి నిలబడింది.
మీటల వంక చూసింది, నా వంక చూసింది.
"అడగొచ్చుగా, షిరైషి గారూ," అంది.