జీడి సుక్క

సూదిని దీపం మీద ఎర్రగ కాల్చి
నల్లజీడి గింజ కడుపుల గుచ్చితె
సుయ్యిమని ఒక్క సుక్క బయటికొస్తది.
గా సుక్క కంట్ల పడితె కన్ను పోతది,
చెంప మీద పడితె చెంప పొక్కుతది,
బట్ట మీద పడితె
బట్ట చినిగేదాక పోదు.

మా నాయినమ్మ ఓదెమ్మకు
అక్షరాలు తెల్వయి. ఇవి తెలుసు.

చలికాలం పాకాల అడివి నుంచి
పూనెం జోగయ్య ముంతెడు గింజలు తెచ్చేటోడు.
గింజ నెత్తి మీది పసుప్పచ్చ పండు మాకు.
నిప్పుల మీద కాల్చుకొని తినేది,
తీపి, ఎనుక నుంచి ఇంత వగరు.
కింది నల్లది ముడితె చేతులిరుగుతయని బెదిరించేది.
గట్లాంటి రెండిటికి
ఒకటే తొడిమె ఎట్ల సరిపోయిందో.

రేవు గట్టు మీద కూసోని
జీడి సుక్కకు సున్నమద్ది గుర్తులు పెట్టేది.
సర్పంచి ఇంటికి రెండు సుక్కలు,
గానుగాయనకు కాకికాలు,
కొత్తగొచ్చిన పోస్టుమాస్టరుకు
ఏం పెట్టాల్నో తోచక నెలవంక.
ఊరంత ఒక్క మూటల కలిసిపోయినా
పొద్దుగూకేటాళ్లకు
ఎవలియి వాళ్ల దండెం మీద ఉండేయి.

మా బట్టలకు గుర్తు లేదు.
ఒకసారి అడిగిన.
"గుర్తు లేనియే మనయి" అన్నది.
అప్పుడు అర్థం కాలె. ఇప్పుడు సగమే.

దీపం పెట్టినంక అదే గింజ మందు.
నాట్లేసి పగిలిన మడిమెలకు,
ఆనెకాయలకు, ముసురుకు లేసే మోకాలి వాతానికి.
చింతగింజంత కాదు, సూది మొనంత.
ముందుగాల తన చేతులకు నువ్వుల నూనె.
"ఎండల తిరుగకు, పులుపు ముట్టకు,
పొక్కు లేస్తె దాచకు, నా మీద ఒట్టు, ఉరికి రా."

కొందరి ఒంటికి జీడి పడదు.
పెట్టినంక గాని తెల్వదు.
కుమ్మరోళ్ల సారమ్మ నడుమునొప్పికి ఆగలేక
తనే గింజలు నూరి వీపంత పూసుకున్నది.
తెల్లారేసరికి మొఖం గుమ్మడికాయ,
కండ్లు రెండు గీతలు.
నాయినమ్మ మజ్జిగల నువ్వులు నూరి నూరి
ఒళ్లంత పట్టేసింది,
చీకట్లనే తానిచెట్టు కాడికి పోయి
"నీ చెల్లె తాకింది, నువ్వన్న ఇడిపియ్యి" అని మొక్కింది.
సారమ్మ బతికింది.
చెట్టు విన్నదో, నువ్వులు విన్నయో,
నర్సంపేట డాక్టరు సూది విన్నదో,
మూడిటికీ దండం పెట్టింది.
గింజల ముంతను మాత్రం మూడు నెలలు
అటక మీద బోర్లేసింది.

ఇప్పుడు నేను హన్మకొండల
చర్మరోగాల వార్డుల నర్సును.
మొన్నొక పిలగాడు.
బొడ్డు చుట్టు నల్లటి పొక్కులు,
వరుసగ, కొలిచి పెట్టినట్టు.
యాసిడా, ఎవలన్న కాల్చిన్రా అని
చిన్న డాక్టరమ్మ అడుగుతనే ఉన్నది.
తల్లి నేల చూస్తున్నది.
"కడుపునొప్పికి జీడి పెట్టించినవా అక్కా?" అన్న.
తలెత్తింది,
తెల్వని బస్టాండుల
సొంతూరి బోర్డు కనపడ్డట్టు.

డాక్టరమ్మ కాగితం మీద ఏదో పొడుగు పేరు రాసుకున్నది.
పసిపొట్టకు ఇంకెన్నడు పెట్టొద్దని
తల్లి మీద కోపం కూడ చేసిన.
పిలగాని ఒళ్లు కాలుతున్నది మరి.
కోపం చేసుకుంటనే
ఎడమ కాలు కుర్చీ కిందికి జరుపుకున్న.

ఏడేండ్లప్పుడు రేవు బండ మీద జారి
చీలమండ బెణికితె
నాయినమ్మ పెట్టిన మూడు సుక్కలు.
సౌడుకు పోలె, సబ్బుకు పోలె,
ముప్పై రెండేండ్ల నీళ్లకు పోలె.

దావఖాన లాండ్రీల మా తెల్ల బట్టలు
ఎవరియో ఎవరికొస్తయి.
డ్యూటీ దిగినంక నల్లా కింద కాళ్లు కడుక్కుంట
ఒక్కోనాడు వంగి చూస్త.
మూడు సుక్కలు.
ఎవలింటి గుర్తో.