అదును

నిన్న రాత్రి పెండ్లి అయిన హాలే ఇది.
గోడకు థర్మాకోల్ అక్షరాలు ఇంకా తియ్యలేదు,
పెండ్లికొడుకు పేరుల ఒక అక్షరం ఊడి వేలాడుతున్నది.
దాని కిందనే మా బోర్డు. ఐదో రౌండు, రెండో బల్ల.

అవతల వేదాచలం సారు.
ముప్పై ఏండ్లు మిర్యాలగూడ పోరగాండ్లకు లెక్కలు చెప్పి రిటైరైన చేతులు.
గోడ కట్టి కూసుంటడు. తొందరపడడు, పడనియ్యడు.
నలభై ఎత్తుల దాక ఏమీ కాదు,
యాభయ్యో ఎత్తుకు ఆయనకొక బంటు ఎక్కువుంటది,
డెబ్బయ్యోదానికి అది మంత్రి అయితది.
మూడుసార్లు గిట్లనే ఓడగొట్టిండు నన్ను,
మూడుసార్లు "బాగ ఆడినవ్ బిడ్డా" అన్నడు.

నా పని తూకం.
హాలియా రోడ్డు మీద రైసుమిల్లుల కాటా కాడ కూసుంట.
లారీ ఎక్కుతది, ఎర్రటి అంకెలు ఊగుతయి, నిలవడతయి.
నిండు బరువుల నుంచి ఖాళీ బరువు తీసేస్త.
పది కిలోలు అటూ ఇటూ అయితే
రైతు ఊకోడు, సేటు ఊకోడు.
గింజ పోనియ్యని కొలువు.

అసొంటి దాన్ని
పదకొండో ఎత్తుకు
ఒంటెను తీస్కపోయి రాజు పక్కనున్న బంటు మీద పడేసిన.

సారు కండ్లద్దాలు పైకి జరుపుకున్నడు.
మూడు బంట్లు చేసే ఒంటె, ఒక్క బంటుకు.
ఏ కాటా ఒప్పుకుంటది ఈ లెక్క?
తిన్నడు.
గుర్రం దుంకింది. మళ్ల షెక్.
ఇక్కడిదాక ఇంటికాడ చూసి పెట్టుకున్నదే.
రాజు ఎనుకకు ముడుచుకుంటడు,
నా మంత్రి అంచుకు పోతది, నాలుగెత్తుల్ల ఖతం.

రాజు ముడుచుకోలే.
ముంగటికి నడిచొచ్చిండు.
నా గుర్రం మూతికాడ నిలవడ్డడు,
కర్ఫ్యూల పాల పాకిట్టు కోసం బయటికొచ్చిన పెద్దమనిషి లెక్క.

నా నాలుక ఎండింది.
గడియారంల ఏడు నిమిషాలు.
అటొక షెక్ ఉన్నది, ఇటొక షెక్ ఉన్నది,
ఇచ్చిన కొద్దీ రాజు ఇంకింత నిమ్మళంగ ఇల్లు చేరుతడు.
పక్క బల్లకాడ ఎవరో గుండీ కొట్టిన్రు.
హాలు ఎనుక వంటోల్లు గంజులు తోముతున్నరు, ఇసుకతోని, గరగర.

పోయిన వానకాలం కాటా కాడ ఎంకమ్మవ్వ కొడుకును తిట్టింది:
వాన కురుస్తుంటే దున్నుతర్రా పిచ్చోడా,
మన్ను పదునుకు రానియ్యి.

రెండు నిమిషాలు.
మూలకున్న బంటును,
ఎవ్వరినీ కొట్టనిదాన్ని, షెక్ కూడ కానిదాన్ని,
రెండు గడులు జరిపిన.
అంతే.
దాని ఎనుక ఏనుగు ఆట మొదలైన కాణ్ణుంచి కదల్లే.

సారుకు ఒక ఎత్తు ఊరికే దొరికింది.
బోర్డు అవతలి దిక్కు, దూరంగ, నాదొక బంటు ఒంటరిగ ఉంటే
తిన్నడు.
అలవాటు.

బంటు ఇంకో అడుగు. షెక్.
రాజు అంచుకు జరిగిండు.
గుర్రం లేచింది.
లేచిన జాగల నుంచి రెండో ఒంటె చూపు పారింది,
దుంకిన జాగల నుంచి గుర్రం చూపు.
రెండు షెక్కులు, ఒక్క చెయ్యి.
గుర్రం పక్కనే సారు ఏనుగు,
తొండం చాపితే అందేటంత దగ్గర.
కొట్టరాదు.
ఒకదాన్ని కొడితే ఇంకొకటి ఉంటది.
పైగా గుర్రం ఇంకో కాలు ఆయన మంత్రి మీద.

సారు వేళ్లు ఏనుగు దాక పోయి వాపసొచ్చినయి.
మళ్లొకసారి పోయి వాపసొచ్చినయి.
రాజును మెల్లగ పండవెట్టిండు.
బాగ ఆడినవ్ అనలే.
"ఒంటెను ఇచ్చినప్పుడు ఇదంత కనవడ్డదా నీకు?"

లేదు సార్.
రాజు ముంగటికొస్తడని అనుకోనే లే.

ఆయన కాయితం మీద ఆ ఎత్తు పక్కన ఏదో రాసుకున్నడు,
నాకు కనవడకుండ చెయ్యి అడ్డం పెట్టి,
బల్లో పరీక్ష రాసే పోరడి లెక్క.

సోమవారం పొద్దున మొదటి లారీ కాటా ఎక్కింది.
అంకెలు నిలవడే ముందల ఒక్క క్షణం ఊగుతయి,
ఏ చిట్టీల రాయం దాన్ని.
డ్రైవర్ హారన్ కొట్టిండు.
నేనింకా అదే చూస్తున్న.