బీపీ పట్టీ

మూడు జీపులు, పదకొండు మంది ఆడవాళ్ళు,
ఒక మందుల పెట్టె, నేను.
ఆలిస్ స్ప్రింగ్స్ వెనక్కి పోయాక
తారు రోడ్డు కూడా మా మీద ఆశ వదులుకుంది.

క్లినిక్‌లో వీళ్ళు నాకు తెలిసినవాళ్ళే.
గోడవారన కుర్చీల్లో, నేలచూపులతో,
నొప్పెక్కడ అంటే లేదనేవాళ్ళు.
చేయి చాపమంటే చేయి మాత్రం ఇచ్చి
మనిషి ఇంకెక్కడో ఉండేవాళ్ళు.

ఇక్కడ దిగీ దిగగానే వాల్డా
చెప్పులు విప్పి జీపు కిందకి తన్నేసింది.
గుణపం పట్టుకుని ముల్గా చెట్టు మొదట్లో కూలబడి
నడుం లోతు తవ్వింది.
క్లినిక్‌లో మంచం ఎక్కించడానికి
ఇద్దరం పట్టుకోవాల్సిన మనిషి.

మట్టి గదుల్లోంచి తేనె చీమలు,
కుంకుడు గింజంత బంగారు పొట్టలతో.
"షుగరు ఎంతుంటుందో" అన్నాను, ఊరుకోలేక.
"తవ్వుకుని తినేది ఏం చెయ్యదు" అంది నోరీన్.
"తవ్వకుండా దొరికేదే మమ్మల్ని తవ్వేసింది."

మనవరాలు టాషా మధ్యాహ్నమంతా
ఫోను ఎత్తి ఎత్తి సిగ్నలు వెతికింది.
విసిగి, కొవ్వులో కాగుతున్న ఆకుల గిన్నె దగ్గరికొచ్చి
గరిటె తీసుకుంది. ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం జాబితా తీసి పేర్లు చదువుతుంటే
ఏడో పేరు దగ్గర మర్టిల్ నా మోచేయి నొక్కింది.
పోయినవాళ్ళ పేరు పైకి అనకూడదు.
పోయిన నెల, డయాలసిస్ కుర్చీలో,
కిటికీ అటువైపు కార్ల పార్కింగు.
సూది తీసింది నేనే.
కాగితం మడిచేశాను.
మంట చుట్టూ ఒక మనిషి పట్టేంత చోటు
ఎవరూ జరగకుండా అలాగే ఉంచారు.

ఆ రాత్రి పాటల గురించి చెప్పను.
అవి నావి కావు.

పొద్దున్నే బూడిదలో కాల్చిన రొట్టె తుంచుతూ
అడగకముందే ఒక్కొక్కరూ చేయి చాపారు.
పట్టీ నిండా ఎర్రమట్టి, అంటుకోనని మొరాయింపు.
నూట ముప్పై ఆరు. నూట నలభై.
అన్నీ రాసుకున్నాక వాల్డా పట్టీ లాక్కుంది.
"ఇప్పుడు నీది."
మీట తనే నొక్కింది.
నూట యాభై రెండు.
అందరికన్నా నాదే ఎక్కువ!
వాళ్ళ నవ్వుకి చెట్టు మీది కాకటూలు లేచిపోయాయి.

నోరీన్ గుణపం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది,
నా గొంతు అచ్చంగా అనుకరిస్తూ:
"రోజుకి ఒక గొయ్యి.
భోజనానికి ముందు."