రెండక్షరాలు

ముప్ఫై ఒక్క ఏళ్లు నేను కాపలా కాసింది
ఒక్క మాటకి.
వచ్చు.

శాస్త్రవేత్త చెప్పింది:
ఈ మిరప రకం బొబ్బర తెగులును తట్టుకోవచ్చు.
నేను రాసి పంపింది:
తట్టుకోవచ్చు.
రాత్రి పదింటికి బ్రాడీపేట డెస్కులో
శీర్షికకి చోటు చాల్లేదు.
తెల్లారి గుంటూరంతా చదివింది:
తట్టుకుంది!
ఆశ్చర్యార్థకానికి మాత్రం చోటు దొరికింది.

చేరిన కొత్తలో నాకూ పట్టలేదు.
పేపర్లో పడిందా లేదా, అదే లెక్క.
కత్తిరింపులు మైదా జిగురుతో అంటించి
డైరెక్టరు బల్ల మీద పెడితే
ఆయన స్కేలు తీసి
సెంటీమీటర్లు కొలుచుకుని మురిసిపోయేవాడు.

ఆ జనవరిలో దేవసహాయం వచ్చాడు,
చేబ్రోలు అవతల నుంచి, మొదటి బస్సుకి.
మడతల దగ్గర అరిగిపోయిన పేపరు ముక్క
వాచ్‌మన్‌కి చూపించి
"ఇది రాసినామె కావాలి" అన్నాడట.
మూడెకరాలు కౌలు.
జేబులోంచి గుప్పెడు ఆకులు తీసి
నా ఫైళ్ల మీద పోశాడు,
పడవల్లా ముడుచుకున్న ఆకులు.

నేను చేసిన పని ఇది:
బీరువాలోంచి ప్రెస్ నోటు నకలు వెతికి తీశాను.
చూడండి, ఇక్కడ ఉంది, వాళ్లు కోసేశారు.
ఆయన వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు.
"ఈ రెండక్షరాలేనా అమ్మా?"
తిట్టలేదు.
"నాకు సేద్యం వచ్చు.
ఆ వచ్చు, ఈ వచ్చు ఒకటి కాదన్నమాట."
మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.
ఆకులు అక్కడే ఉన్నాయి.

తర్వాత నేను మర్యాద తప్పాను.
నోటు మొదటి వాక్యమే
ఇంకా తెలియదు, అని రాయడం మొదలెట్టాను.
"తెలియందాన్ని ప్రకటించడానికి
విలేకరుల్ని పిలుస్తావా వరూధినీ?"
డాక్టర్ కరీమున్నీసా నవ్వింది.
పిలిచాను. ముగ్గురొచ్చారు.
ఇద్దరు టీ కోసం.

తెల్లవారుజామున మిర్చి యార్డులో
టిక్కీల మీద కూర్చున్న ముఠా కూలీలకి
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నోటు చదివి వినిపించేదాన్ని.
"సహనశీలత" దగ్గర మస్తాను చెయ్యెత్తాడు:
"అంటే చావదనా, ఆలస్యంగా చచ్చుద్దనా?"
ఆ ప్రశ్న అలాగే పట్టుకెళ్లి
కరీమున్నీసా ముందు పెట్టాను.
చాలాసేపు మాట్లాడలేదామె.
కళ్లజోడు తుడుచుకుని
పత్రం మళ్లీ మొదటి పేజీ నుంచి తెరిచింది.

పైనుంచి ఫోన్లు రాకపోలేదు.
మొలకెత్తని విత్తనాల గొడవప్పుడు
"పరిశీలిస్తున్నాం అని చెప్పి ఊరుకోండి" అన్నారు.
రెండుసార్లు అలాగే చెప్పాను.
మూడోసారి నోరు రాలేదు.
బదిలీ కాగితం మాత్రం ఆలస్యం లేకుండా వచ్చింది,
పద్నాలుగు నెలలు, స్టోర్సు విభాగం,
గోనెసంచుల లెక్క.

తిరిగొచ్చాక డెస్కులో కొత్త కుర్రాడు.
"మేడం, వచ్చు తీసేస్తే శీర్షిక సరిగ్గా సరిపోద్ది."
"ఫొటో తీసెయ్.
నా పేరు తీసెయ్.
డాక్టరమ్మ డిగ్రీలన్నీ తీసెయ్."
"మీరు మారరు మేడం."
అవతల టీవీలో క్రికెట్టు చప్పుడు.
వచ్చు నిలబడిన రాత్రులు కొన్ని.
కొన్నే.

నిన్న నా విరమణ.
నోటు సలోమి రాసింది, నా దగ్గర ఆరేళ్లు పనిచేసిన పిల్ల.
"ఆమె కృషి వేలాది మంది రైతులకు మేలు చేసింది."
ఎర్ర పెన్ను అడిగాను.
మేలు చేసి ఉండవచ్చు.
దండ మెడలోనే ఉంది, చామంతి రేకలు కాగితం మీద రాలుతున్నాయి,
సలోమి నా వైపు చూసి ఏమీ అనకుండా
మళ్లీ టైపు చేసింది.

ఇవాళ, తొమ్మిదో పేజీ, కింద మూల:
మేలు చేసింది!

డెస్కు వాళ్లు సాయంత్రం నాలుగైతే గాని రారు.
ఆగాను.
ఆ నంబరు నా వేళ్లకి వచ్చు.
ఎంగేజు.
మళ్లీ చేశాను, ఎంగేజు.
అవతల సలోమి
అప్పటికే మాట్లాడుతూ ఉండవచ్చు.